ఎపిక్యూరస్ తిన్నది ఎండు రొట్టె, పడ్డ పేరు తిండిపోతు

గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ ఒక ఫ్రెండ్‌కి రాసిన ఉత్తరంలోంచి ఒక్క వాక్యం మనదాకా మిగిలింది. అందులో ఆయన అడిగింది ఇంతే, "చిన్న కుండలో కాస్త చీజ్ పంపించు, ఎప్పుడైనా బుద్ధి పుడితే విందు చేసుకుంటాను." రోజూ ఆయన తిండి రొట్టె, తాగేది నీళ్ళు, ఎప్పుడో కొంచెం వైన్, కాబట్టి ఆ చీజ్ పడిన రోజు ఆయనకి నిజంగానే విందు. ఇప్పుడు ఇంగ్లీష్ డిక్షనరీ తెరిచి ఎపిక్యూర్ అన్న మాట చూడండి, మంచి తిండి, మంచి వైన్ రుచులు బాగా తెలిసిన భోజనప్రియుడు అని ఉంటుంది. ఆ మాట పుట్టింది ఈయన పేరు నుంచే. రొట్టె నీళ్ళతో బతికినాయన పేరు 2300 ఏళ్ళలో ఆ అర్థానికి ఎలా వచ్చి చేరింది, ఆయన అసలు చెప్పింది ఏంటి, మధ్యలో ఎవరు ఎక్కడ తిప్పారు, ఈ చిక్కుముడి విప్పాలనే ఇదంతా రాస్తున్నా.

నేనూ మొదట విన్నది అదే, తిను తాగు ఎంజాయ్ చెయ్ అన్న గ్రీకాయన అని. కాలేజీ రోజుల్లో ఎవరో చెప్తే నమ్మేసి చాలా ఏళ్ళు నలుగురికీ అదే చెప్పాను కూడా. తర్వాత ఆయన మెనోయికియస్ అనే అతనికి రాసిన ఉత్తరం చదివాను, ప్రింట్ తీస్తే నాలుగైదు పేజీలు దాటదు, అందులో ఆయనే అంటాడు, సుఖమే గమ్యం అని మేం అన్నప్పుడు తాగుబోతుల సుఖాలూ విలాసాల సుఖాలూ అని కాదు, కొందరు తెలియకో, ఒప్పుకోలేకో, కావాలని వక్రీకరించో అలా అంటున్నారు, మేం అనేది ఒంట్లో నొప్పి లేకపోవడం, మనసులో కలత లేకపోవడం, అంతే అని. అంటే ఈ అపార్థం ఆయన బతికుండగానే మొదలైపోయింది, ఆయనే స్వయంగా కాదు బాబూ అని రాసి పెట్టినా ఆగలేదు.

ముందు మనిషి గురించి చెప్తాను, ఎందుకంటే ఆయన చెప్పిందానికీ బతికిన కాలానికీ చాలా సంబంధం ఉంది. పుట్టింది క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో, పైథాగరస్‌దీ ఆ దీవే. అమ్మానాన్నలు ఏథెన్స్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళు, తండ్రి నియోక్లిస్ పిల్లలకి అక్షరాలు దిద్దించే బడిపంతులు, ఆ రోజుల్లో ఆ పనికి డబ్బూ తక్కువే, గౌరవమూ తక్కువే. తల్లి ఇంటింటికీ తిరిగి దోషాలు పోయే మంత్రాలు చదివేదని, ఈ పిల్లాడు కూడా వెంట వెళ్ళేవాడని తర్వాత పడనివాళ్ళు ఎగతాళి చేసారు. ప్లేటో లాంటి పెద్దింటి బిడ్డ మీద ఎవరూ ఇలాంటి మాటలు అనలేదు. 14 ఏళ్ళప్పుడు బడిలో హెసియడ్ కావ్యం చెప్తున్నారట, మొట్టమొదట ఖావోస్ (సృష్టికి మొదట ఉన్న శూన్యం) పుట్టింది అని ఉంటుంది అందులో, మరి ఆ ఖావోస్ దేన్నుంచి పుట్టింది సార్ అని అడిగాడట, అది మా పని కాదు, తత్వవేత్తల్ని అడుక్కో అన్నారట పంతులుగారు, అయితే నేను వాళ్ళ దగ్గరికే పోతా అన్నాడట ఈయన. పాతవాళ్ళు చెప్పుకున్న కథ ఇది, నాకు భలే ఇష్టం.

18 ఏళ్ళకి మిలిటరీ ట్రైనింగ్ కోసం ఏథెన్స్ వెళ్ళాడు, అది క్రీ.పూ. 323, సరిగ్గా అలెగ్జాండర్ బాబిలోన్‌లో చచ్చిపోయిన ఏడాది. ఏథెన్స్ తిరగబడింది, ఓడిపోయింది, అరిస్టాటిల్ ఊరు వదిలి పోయాడు, సామోస్‌లో ఉన్న ఏథెన్స్ వాళ్ళందర్నీ మాసిడోనియా వాళ్ళు వెళ్ళగొట్టారు. ఈయన ట్రైనింగ్ అయ్యేసరికి పుట్టిన ఊళ్ళో ఇల్లు లేదు, తల్లిదండ్రులు ఎదురుగా ఆసియా ఒడ్డున కొలొఫోన్‌లో కాందిశీకుల్లా ఉన్నారు, అక్కడికే వెళ్ళాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు అలెగ్జాండర్ సేనాపతులు ఒకరి మీద ఒకరు యుద్ధాలే యుద్ధాలు, ఊళ్ళు చేతులు మారుతూనే ఉన్నాయి. ఇలాంటి కాలంలో మనిషికి ఆదర్శ రాజ్యం ఎలా ఉండాలి అన్న ప్రశ్న కంటే రాత్రి పడుకుంటే గుండె దడ లేకుండా నిద్రపట్టడం ఎలా అన్న ప్రశ్న ముందొస్తుంది అని నాకు అనిపిస్తుంది, ప్లేటో ప్రశ్న మొదటిది, ఎపిక్యూరస్ ప్రశ్న రెండోది.

నౌసిఫనీస్ అనే ఆయన దగ్గర డెమోక్రిటస్ పరమాణువుల సిద్ధాంతం నేర్చుకున్నాడు, తర్వాత ఆ గురువునే తిట్టాడు (ఈయనకి నోరు కాస్త ఎక్కువే, అది దాచక్కర్లేదు). మిటిలీనీలో, లాంప్సకస్‌లో స్కూల్ పెట్టి నడిపాడు, మెట్రోడోరస్, హెర్మార్కస్, పోలియేనస్ లాంటి జీవితాంతం వదలని స్నేహితులు అక్కడే దొరికారు. క్రీ.పూ. 306 ప్రాంతంలో వాళ్ళని వెంటేసుకుని ఏథెన్స్ వచ్చి, ఊరి గోడ బయట ప్లేటో అకాడమీకి వెళ్ళే దారి దగ్గర ఒక తోట కొన్నాడు, 80 మినాలు, అంటే 8000 డ్రాక్మాలు. పనివాడి రోజు కూలి ఒకటి రెండు డ్రాక్మాలు ఉండే రోజులు కాబట్టి చిన్న సొమ్మేం కాదు. ఆ తోటలోనే చచ్చిపోయేదాకా ఉన్నాడు, అందుకే ఆయన స్కూల్ పేరే తోట అయిపోయింది.

ఇక అసలు ముడి. సుఖం అన్న మాట. గ్రీకులో హెడొనే. సుఖం అంటే మనకి వెంటనే ఏం తోస్తుంది, బిర్యానీ, ఏసీ, మెత్తటి పరుపు, అంటే ఏదో ఒకటి బయట్నుంచి వచ్చి మనకి తగిలితే కలిగేది. సుఖం మరిగాడు అంటే మన దగ్గర తిట్టే కదా. ఎపిక్యూరస్ సుఖాన్ని రెండుగా విడగొట్టాడు. ఒకటి కదలికలో ఉండే సుఖం, తింటున్నప్పుడు తాగుతున్నప్పుడు కలిగేది. రెండోది నిలకడగా ఉండే సుఖం, ఏ లోటూ గుచ్చుకోకుండా ఉన్నప్పుడు ఉండేది. ఈ రెండోదే పెద్దది అంటాడు. నొప్పి మొత్తం పోయిందంటే సుఖం అక్కడికే ఫుల్ అయిపోయింది, ఆ తర్వాత నువ్వు ఎంత కలిపినా సుఖం పెరగదు, రకాలు మారతాయి అంతే, ఇది ఆయన ముఖ్య సూత్రాల్లో ఉన్న మాట.

ఇది చదివినప్పుడు నాకు ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు. నొప్పి లేకపోవడం అంటే సున్నా కదా, సున్నా ఎలా సుఖం అవుతుంది అనిపించింది. తర్వాత నాకు కింది దవడ పన్ను ఒకటి పుచ్చిపోయి మూడు రాత్రులు నిద్ర లేదు, లవంగం నొక్కిపెట్టాను, ఉప్పు నీళ్ళు పుక్కిలించాను, పెయిన్ కిల్లర్ వేసుకుంటే రెండు గంటలు ఆగి మళ్ళీ చెవిదాకా పొడిచేది. నాలుగో రోజు డెంటిస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి లోపల క్లీన్ చేసి, మూడు గంటలు ఏమీ తినొద్దని చెప్పి పంపేసారు. మెట్లు దిగి కిందకొచ్చి బండి మీద కూర్చున్నాను, స్టార్ట్ చెయ్యలేదు. ఎదురుగా చెరుకు రసం బండి, చక్రానికి కట్టిన గజ్జెలు గల్లుగల్లుమంటున్నాయి, ఎండ కాలి మీద పడుతోంది, పక్కన ఒకావిడ కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది. నేను ఏమీ కొనలేదు, ఏమీ తినలేదు, ఫోన్ కూడా తీయలేదు, అయినా ఆ పావుగంట కంటే హాయైన పావుగంట ఆ ఏడాదిలో నాకు గుర్తులేదు. అప్పుడు అర్థమైంది ఈయన సున్నా అనట్లేదని. లోటు గుచ్చుకోవడం ఆగితే మిగిలేది ఖాళీ కాదు, చెరుకు బండి గజ్జెలు కూడా బాగుంటాయి, ఎండ కూడా బాగుంటుంది, ఉన్నదంతా బాగుంటుంది.

దీనికి మన భాషలో సుఖం కంటే మంచి మాట ఉంది, నిమ్మళం. జ్వరం తగ్గినాయన్ని ఎలా ఉంది అని అడిగితే ఇప్పుడు నిమ్మళంగా ఉంది అంటారు చూడండి, అదే. గ్రీకులో ఆయన వాడిన మాటలు రెండు, అపోనియా అంటే ఒంటికి బాధ లేకపోవడం, అటరాక్సియా అంటే మనసుకి కలత లేకపోవడం, రెండూ కలిపితే మన నిమ్మళం అవుతుంది. ఎపిక్యూరస్ జీవితానికి నిమ్మళమే గమ్యం అన్నాడు అని ఎవరైనా నాకు మొదట్లోనే చెప్పి ఉంటే ఇన్నేళ్ళు తప్పుగా అనుకునేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లోనే సైరీన్ ఊరి తత్వవేత్తలు, వాళ్ళదీ సుఖమార్గమే, నొప్పి లేకపోవడం సుఖం అయితే శవానికీ సుఖమేగా అన్నారు. గట్టి ప్రశ్నే. శవానికి గజ్జెలు వినపడవు అన్నది నా జవాబు. కానీ ఇంకో ఇబ్బంది మాత్రం నిజంగా ఉంది, ఆ పావుగంట హాయి నాకు సాయంత్రానికల్లా పోయింది, మర్నాటికి పన్ను సంగతే మర్చిపోయి ఇంకేదో దిగులు పెట్టుకున్నాను. నొప్పి లేదన్న సంగతి మనసుకి అలవాటైపోతుంది. ఎపిక్యూరస్‌కి ఇది తెలుసు, అందుకే జ్ఞాపకానికి, కృతజ్ఞతకి అంత విలువ ఇచ్చాడు, దగ్గర లేనిదాని కోసం ఏడ్చి ఉన్నదాన్ని పాడుచేసుకోకు, ఇప్పుడు నీ దగ్గరున్నవి కూడా ఒకప్పుడు నువ్వు కోరుకున్నవే అంటాడు. మందు సరైనదే కానీ రోజూ వేసుకోవాలి, ఒక్కసారి చదివితే పని జరగదు.

కోరికల్ని ఆయన మూడు రకాలు చేసాడు. ఆకలి, దప్పిక, చలి నుంచి కాపు, ఇవి సహజం, తీరాల్సిందే. రెండోవి సహజమే కానీ తీరకపోయినా నష్టం లేదు, రకరకాల వంటలు అలాంటివి. మూడోవి సహజమూ కాదు అవసరమూ కాదు, పాతకాలపు వ్యాఖ్యాత ఒకాయన దీనికి ఇచ్చిన ఉదాహరణ తలకి కిరీటాలు, ఊళ్ళో విగ్రహాలు. మొదటి రకానికి అడుగు ఉంటుంది, కడుపు నిండాక ఆకలి ఆగుతుంది. మూడో రకానికి అడుగు లేదు, ఒక విగ్రహం పెడితే పక్కోడిది ఎంత ఎత్తుంది అని చూస్తాం. ప్రకృతి అడిగే సంపదకి హద్దు ఉంది, సులువుగా దొరుకుతుంది, వట్టి ఊహలు అడిగే సంపద అనంతంలోకి పోతుంది అని ఆయన మాట.

ఇక్కడే ఇంకో తప్పు జరుగుతుంది. తిండిపోతు కాదని తెలిసాక కొందరు ఆయన్ని సన్యాసిని చేసేస్తారు, అదీ కాదు. విందు వస్తే హాయిగా తిను అంటాడు, మామూలు తిండికి అలవాటు పడ్డవాడే విందుని ఇంకా బాగా ఆస్వాదిస్తాడు, పైగా రేపు అది లేకపోతే భయపడడు అంటాడు. పొదుపుకి కూడా ఒక హద్దు ఉంది, ఆ హద్దు తెలియనివాడు అతిగా పోయినవాడిలాగే బాధపడతాడు అన్న మాట కూడా ఆయన బడి సూక్తుల్లోనే ఉంది, వాటికన్ లైబ్రరీ రాతప్రతిలో 1888లో బయటపడిన సూక్తులవి. ఏ సుఖాన్ని వదులుకోవాలి, ఏ కష్టాన్ని పడాలి అన్నది లెక్క చూసుకోవాలి, తర్వాత పెద్ద బాధ తెచ్చే సుఖాన్ని వదిలెయ్, తర్వాత పెద్ద హాయి ఇచ్చే కష్టాన్ని పడు, ఇది చేసే బుద్ధి తత్వశాస్త్రం కంటే విలువైంది అని కూడా అన్నాడు.

ఒంటి నొప్పి సంగతి సరే, మనసు కలతకి కారణం ఏంటి? రెండు భయాలు అంటాడు, దేవుళ్ళ భయం, చావు భయం. ఆయన ఫిజిక్స్ అంతా ఈ రెండు భయాలు తీయడానికే. ఆకాశంలో జరిగేవాటి గురించీ చావు గురించీ భయాలు లేకపోతే ప్రకృతి శాస్త్రమే మనకి అక్కర్లేదు అని సూటిగా రాసాడు. ఉన్నవి పరమాణువులు, ఖాళీ, అంతే, లోకాలు లెక్కలేనన్ని, ఖాళీలో బరువైన పరమాణువూ తేలికైనదీ ఒకే వేగంతో పోతాయి, ఇవన్నీ ఆయన హెరోడొటస్ అనే శిష్యుడికి రాసిన ఉత్తరంలో ఉన్నాయి (చరిత్రకారుడు హెరోడొటస్ వేరు). డెమోక్రిటస్ దగ్గర లేనిది ఒకటి ఈయన బడి కలిపింది, పరమాణువు ఎప్పుడో ఎక్కడో రవ్వంత పక్కకి ఒరుగుతుంది అని. అన్నీ ముందే రాసిపెట్టినట్టు కదిలితే మనిషి ఇష్టానికి చోటు ఎక్కడిది మరి? భౌతికవాదుల తలరాతకి బానిసవ్వడం కంటే దేవుళ్ళ కథలు నమ్ముకోవడమే నయం, కనీసం మొక్కుకుంటే కరుగుతారన్న ఆశైనా ఉంటుంది అన్నాడు.

సైన్సుగా చూస్తే ఇందులో పెద్ద లోపం ఉంది, అది ఒప్పుకోవాలి. ఉరుములు ఎందుకొస్తాయి, గ్రహణం ఎందుకు పడుతుంది అంటే ఐదారు కారణాలు చెప్పి వీటిలో ఏదైనా కావచ్చు, దేవుడి కోపం కాదని తెలిస్తే చాలు అంటాడు. సూర్యుడు మనకి కనపడేంత సైజులోనే ఉంటాడు, కాస్త అటూ ఇటూ అని కూడా రాసాడు. భయం పోతే చాలు, ఆ పైన వెతకడం ఎందుకు అన్న ధోరణి శాస్త్రాన్ని ముందుకు నడిపించేది కాదు.

దేవుళ్ళు లేరని ఆయన ఎప్పుడూ అనలేదు, ఇది చాలామంది మిస్ అవుతారు. ఉన్నారు, కానీ వాళ్ళు పూర్తి నిమ్మళంలో ఉన్నారు, కోపతాపాలు బలహీనులకి ఉంటాయి, కాబట్టి మన మీద పిడుగు వేసే పనీ వరం ఇచ్చే పనీ వాళ్ళు పెట్టుకోరు అన్నాడు. పండగలకి, పూజలకి కూడా వెళ్ళేవాడు. ఇక చావు గురించిన మాట అందరికీ తెలిసిందే, మనం ఉన్నంతసేపు చావు లేదు, చావు వచ్చాక మనం లేం. మంచైనా చెడైనా తెలియాలంటే స్పృహ ఉండాలి, స్పృహ పోవడమే చావు, ఇక బాధ ఎవరికి? ఇది నా చావు గురించి నాకు పనిచేసింది, నిజంగా పనిచేసింది. మా నాన్న పోయినప్పుడు మాత్రం పనిచెయ్యలేదు, ఎందుకంటే అక్కడ చావూ ఉంది, నేనూ ఉన్నాను. దానికి ఆయన దగ్గర వేరే మాట ఉంది, స్నేహితులు పోతే ఏడవకూడదు అనేవాళ్ళతో ఆయన ఒప్పుకోలేదట, ఆ ఏడుపు లేకుండా చేసే రాతిగుండె ఏడుపు కంటే చెడ్డది అన్నాడట. ఇది మనకి చెప్పింది ఆయన్ని విమర్శిస్తూ రాసిన ప్లూటార్క్, ఆ ముక్క దొరికాక ఈయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

తోట సంగతికి వస్తాను. అందులో ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, బానిసలు ఉండేవాళ్ళు, మిస్ అనే బానిస శిష్యుల్లో పేరున్నవాడు. లియోంటియన్ అనే ఆవిడ అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ మీద ఖండన రాసింది, రెండొందల ఏళ్ళు దాటాక కూడా రోమన్ వక్త సిసెరో అది తల్చుకుని ఒక వేశ్యకి ఎంత ధైర్యం అని మండిపడ్డాడు, కానీ చక్కటి గ్రీకులో రాసింది అని ఒప్పుకోక తప్పలేదు ఆయనకి. తోటలో బానిసత్వం రద్దు చేసారని కాదు, ఎపిక్యూరస్‌కి సొంత బానిసలు ఉన్నారు, వీలునామాలో మిస్‌తో కలిపి నలుగురికి విడుదల రాసాడు. అయినా ఆ కాలపు ఏథెన్స్‌లో యజమానీ బానిసా వేశ్యా ఒకచోట కూర్చుని మంచి బతుకు గురించి మాట్లాడుకోవడం చిన్న విషయం కాదు.

రాజకీయాల్లోకి పోవద్దు, ఎవరికీ కనపడకుండా బతుకు అనేది తోట మాట. వినడానికి స్వార్థంలా ఉంటుంది, కానీ ఆయన దృష్టిలో కోట గోడల కంటే గట్టి రక్ష స్నేహం, జ్ఞానం ఇచ్చే వాటన్నిట్లో గొప్పది స్నేహమే అన్నాడు. క్రీ.పూ. 295 ప్రాంతంలో అలెగ్జాండర్ సేనాపతుల్లో ఒకరి కొడుకు డెమెట్రియస్ ఏథెన్స్‌ని ముట్టడించి ఊళ్ళోకి తిండి గింజ రాకుండా చేసినప్పుడు, తండ్రీ కొడుకూ చచ్చిన ఎలుక కోసం కొట్టుకున్నారని రాసిన చోటే ప్లూటార్క్ ఇంకో సంగతి కూడా రాసాడు, ఎపిక్యూరస్ తనవాళ్ళని చిక్కుడు గింజలు లెక్కపెట్టి పంచుతూ బతికించుకున్నాడు అని. నాకు ఆయన ఫిలాసఫీ అంతా ఒక బొమ్మలో చూడాలంటే ఇదే కనపడుతుంది, ఒక్కొక్కరి దోసిట్లో ఎన్ని గింజలు పడాలో లెక్కపెడుతున్న పెద్దాయన.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి, గురుభక్తి మరీ ఎక్కువ అక్కడ. సూత్రాలు కంఠస్థం చేయాలి, గురువు చూస్తున్నట్టే నడుచుకోవాలి, ప్రతి నెలా 20వ తారీఖున ఆయన పేరు మీద విందు చేసుకోవాలి, తర్వాత కాలంలో ఉంగరాల మీద కప్పుల మీద కూడా ఆయన బొమ్మే. వందల ఏళ్ళు గడిచినా సిద్ధాంతంలో దాదాపు ఏమీ మారలేదు. ఖావోస్ దేన్నుంచి పుట్టింది అని పంతుల్ని నిలదీసిన పిల్లాడి బడిలో గురువుని నిలదీసే పిల్లాడు లేకుండా పోయాడు.

క్రీ.పూ. 270లో చనిపోయాడు, 72వ ఏట, కిడ్నీలో రాయి అడ్డం పడి మూత్రం బంద్ అయిపోయి 14 రోజులు నరకం పడ్డాడు. చివరికి కంచు తొట్టిలో వేడినీళ్ళు పోయించుకుని అందులో కూర్చుని, నీళ్ళు కలపని వైన్ అడిగి తాగి, నేను చెప్పినవి మర్చిపోకండి అని స్నేహితులతో అని పోయాడట. ఆఖరి రోజు ఇడోమెనియస్‌కి రాసిన ఉత్తరం ఉంది, ఇది నా జీవితంలో ఆఖరి రోజు, సంతోషంగా ఉన్న రోజు కూడా, నొప్పులు ఇంతకంటే పెరగడానికి లేదు, కానీ మనం మాట్లాడుకున్న మాటలన్నీ గుర్తొచ్చి ఆ ఆనందం వాటికి ఎదురు నిలబడుతోంది, మెట్రోడోరస్ పిల్లల్ని చూసుకో అని. మెట్రోడోరస్ అప్పటికే పోయాడు, అతని కూతురి పెళ్ళి సంగతి ఎపిక్యూరస్ వీలునామాలో కూడా రాసాడు. తిండిపోతుగా పేరుపడ్డాయన ఆఖరి ఆలోచన స్నేహితుడి పిల్లల మీద.

మరి చెడ్డపేరు ఎవరు తెచ్చారు? మొదటివాడు ఇంటివాడే, మెట్రోడోరస్ సోదరుడు టిమోక్రటీస్ తోట వదిలిపోయి, ఎపిక్యూరస్ రోజుకి రెండుసార్లు వాంతి అయ్యేలా తింటాడని రాసాడు. తోటకి పోటీ బడి అయిన స్టోయిక్‌ల్లో డియోటిమస్ అనే ఆయన ఈయన పేరు మీద 50 బూతు ఉత్తరాలు దొంగగా రాసి వదిలాడు. తర్వాత హొరేస్ కవి తనని తాను సరదాగా ఎపిక్యూరస్ మందలో పంది అనుకున్నాడు, ఆ పంది మాత్రం జనానికి బాగా అతుక్కుపోయింది. కానీ నా ఉద్దేశంలో అసలు గొడవ తిండిది కాదు. దేవుడు శిక్షించడు, ఆత్మ శరీరంతోటే పోతుంది, చచ్చాక లెక్కలు అడిగేవాడు లేడు అన్నాడు చూడండి, అదే గుచ్చుకుంది. యూదుల్లో మతం తప్పినవాణ్ణి అపికోరోస్ అంటారు. ఇటలీ కవి డాంటే తన కావ్యంలోని నరకంలో ఎపిక్యూరస్‌ని మండే సమాధిలో పెట్టాడు, తిండిపోతులకి వేరే చోటు ఉంది అక్కడ, ఈయన్ని అక్కడ పెట్టలేదు, శరీరంతోటే ఆత్మ చస్తుంది అన్నవాళ్ళ మధ్య పెట్టాడు. డాంటేకి అసలు నేరం ఏంటో క్లియర్‌గా తెలుసు.

మన చార్వాకులకీ ఇదే గతి పట్టింది. అప్పు చేసైనా నెయ్యి తాగు అన్నారని అందరం అంటాం, ఆ శ్లోకం 14వ శతాబ్దం నాటి సర్వదర్శన సంగ్రహంలో ఉంది, అంటే వాళ్ళని ఖండించినవాళ్ళ పుస్తకంలో, వాళ్ళ సొంత పుస్తకాలు పోయాయి. ఎపిక్యూరస్‌కి కాస్త అదృష్టం ఉంది, దాదాపు 300 చుట్టలు రాస్తే క్రీ.శ. 3వ శతాబ్దంలో డయోజెనీస్ లేర్టియస్ తన పుస్తకంలో మూడు ఉత్తరాలు, 40 సూత్రాలు మొత్తంగా ఎక్కించిపెట్టాడు, అవి లేకపోతే ఈయన గురించి కూడా మనకి పంది కథే మిగిలేది.

ప్రత్యర్థుల్లో కూడా న్యాయంగా మాట్లాడినవాళ్ళు ఉన్నారు. సెనెకా స్టోయిక్, అయినా తన ఉత్తరాల్లో ఎపిక్యూరస్ మాటలు పదే పదే వాడతాడు, తోట గుమ్మం మీద రాసి ఉన్నది కూడా చెప్తాడు, అతిథీ, ఇక్కడ నీకు బాగుంటుంది, ఇక్కడ సుఖమే పరమార్థం అని. అది చదివి ఆశగా లోపలికి పోతే ఆ తోట చూసుకునే మంచాయన బార్లీ జావ, కావలసినన్ని నీళ్ళు పెట్టి, ఎలా ఉంది మర్యాద, ఈ తోట ఆకలి పెంచదు, తీరుస్తుంది అంటాడట.

రోమ్‌లో లుక్రీషియస్ ఈ సిద్ధాంతం మొత్తాన్ని 7400 పంక్తుల లాటిన్ కావ్యంగా రాసాడు, ఆ తర్వాత చాలా శతాబ్దాలు దాన్ని పట్టించుకున్నవాళ్ళే తక్కువ, 1417లో పోజియో బ్రాచియోలిని అనే పుస్తకాల పిచ్చాయన జర్మనీ మఠంలో ఒక ప్రతి పట్టుకున్నాడు. అక్కడ్నుంచి పరమాణువులు మళ్ళీ యూరప్‌లోకి వచ్చాయి, 1640లలో గాసెండీ అనే క్రైస్తవ మతగురువే ఎపిక్యూరస్‌ని తన మతానికి సర్ది సైన్స్ వాళ్ళకి అందించాడు. అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన జెఫర్సన్ 1819లో ఒక ఉత్తరంలో నేనూ ఎపిక్యూరియన్‌నే అని రాసుకున్నాడు, కార్ల్ మార్క్స్ 1841లో డాక్టరేట్ తెచ్చుకున్నది డెమోక్రిటస్‌కీ ఎపిక్యూరస్‌కీ తేడా మీద, ఆ పరమాణువు పక్కకి ఒరగడం ఆయనకి బాగా నచ్చింది. ఒకే తోటలోంచి ఇద్దరూ తలో కొమ్మ కోసుకెళ్ళారు.

నా మనసుకి దగ్గరైనవాడు మాత్రం వీళ్ళెవరూ కాదు, ఓయినోఆండాలో ఉన్న ఒక ముసలాయన, ఇప్పటి టర్కీలో కొండ మీది చిన్న ఊరు అది. పేరు డయోజెనీస్ (పుస్తకం రాసిన డయోజెనీస్ లేర్టియస్ వేరు), క్రీ.శ. 2వ శతాబ్దం. వయసైపోయింది, జనం భయాలతో అంటురోగం వచ్చినట్టు బాధపడుతున్నారు, ఒక్కొక్కరికీ చెప్పే టైం లేదు అని, ఊరి మధ్య మంటపం గోడ మీద పదుల మీటర్ల పొడవున ఎపిక్యూరస్ బోధ చెక్కించాడు, మా ఊరివాళ్ళకే కాదు, దారిన పోయే పరదేశీయులకి కూడా, ఇంకా పుట్టనివాళ్ళకి కూడా అని. 1884లో ఆ రాళ్ళు బయటపడ్డాయి, ఇప్పటిదాకా దాదాపు 300 ముక్కలు దొరికాయి.

ఇంకోచోట ఈ బడి రాతల్ని నిప్పే కాపాడింది. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం ఊళ్ళో ఒక పెద్ద ఇంట్లో గ్రంథాలయం కాలి బొగ్గైపోయింది, అందులో ఎక్కువ భాగం ఎపిక్యూరస్ బడివాళ్ళవే, ఫిలొడీమస్ రాసినవి. 1750లలో తవ్వితే చుట్టలు దొరికాయి, విప్పితే పొడైపోయేవి. అందులో ఒకటి పారిస్‌లో ఉంది, దాన్ని విప్పకుండానే స్కాన్ చేసి, బొగ్గులో సిరా ఎక్కడుందో కంప్యూటర్లకి నేర్పించి, 2024 ఫిబ్రవరిలో 15 కాలమ్‌లు చదివి చూపించారు. అలా బయటపడిన విషయం సుఖం గురించే, తిండి సంగతి తీసుకుంటే, అరుదుగా దొరికేవి దండిగా దొరికేవాటి కంటే రుచి అని మనం వెంటనే అనుకోం, అని ఉంది అందులో. నేపుల్స్‌లో ఇంకా వందల చుట్టలు విప్పకుండా ఉన్నాయి, ఎపిక్యూరస్ ప్రకృతి గురించి రాసిన 37 భాగాల పెద్ద పుస్తకం ముక్కలు ఇంతకుముందు దొరికింది కూడా అక్కడే, కాబట్టి తర్వాత చదివే చుట్ట ఆయనదే అవుతుందేమోనని ఆ వార్తల కోసం ఎదురు చూస్తూ ఉన్నా.